సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌ని ముందు ఖాళీ చేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీ వదలకుండా చదువుతాను. కానీ ఎప్పుడు చూసినా కొత్త ఫోన్ల ముచ్చటే, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, ఛార్జింగ్ ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది, ఇదే. వేరేవాళ్లు వాడి వదిలేసిన కంప్యూటర్ తెచ్చుకుని ఇంట్లో పెట్టుకునేవాళ్లం కూడా మీ పాఠకుల్లో ఉన్నామండీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది, విండోస్ 11 ఎక్కని మెషీన్లను వదిలించుకునేవాళ్లు ఉన్నారు, వాటిలో చాలావాటికి ఇంకా బోలెడు ఆయుష్షు ఉంది. అందుకే ఈ ఉత్తరం.

చెప్పదలచుకున్నది ఒక్కటే. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఇంటికి తెచ్చాక ఉన్నది ఉన్నట్టు వాడటం మొదలుపెట్టకండి, ముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేయండి. "అన్నీ వేసిచ్చాను సార్, ఆన్ చేసి వాడుకోవడమే" అని అమ్మినతను భరోసా ఇస్తే మరీ ముఖ్యంగా చేయండి.

నాకు అలాగే చెప్పి ఇచ్చారు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి నా మెయిల్ చూసుకుందామని బ్రౌజర్ తెరిస్తే, అక్కడ అప్పటికే ఎవరిదో ఇన్‌బాక్స్ తెరుచుకుని ఉంది. పైన ఏదో మెడికల్ రిపోర్టు, దాని కింద బ్యాంకు నుంచి వచ్చిన మెయిల్, పక్కన గుండ్రంలో ఒక పెద్దావిడ ఫొటో. తలుపు కొట్టకుండా ఎవరింట్లోకో వెళ్లిపోయినట్టు అనిపించి టక్కున మూసేశాను. అమ్మినతనికి ఫోన్ చేసి, ఆవిడకి చెప్పండి, అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్ అయి పాస్‌వర్డ్ మార్చుకోమనండి అంటే, "మీరు ఫార్మాట్ కొట్టేయండి సార్, ఏం కాదు" అన్నాడు. ఏం కాదట. అసలు మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్లు చెరిగిపోవు, అవి ఎక్కడున్నాయో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది. గుమ్మం మీది నంబరు పలక పీకేసినట్టు, ఇల్లు అక్కడే ఉంటుంది. ఉచితంగా దొరికే రికవరీ ప్రోగ్రాములతోనే అందులో చాలా భాగం వెనక్కి తెచ్చేయొచ్చు.

అదే మెషీన్‌లో ఇంకో సంగతి, యాంటీవైరస్ ఆపేసి ఉంది. ఎందుకంటే అందులో వేసింది క్రాక్ చేసిన విండోస్, అంటే లైసెన్స్ కొనకుండా దొంగతనంగా నడిపేది. ఆ క్రాక్ పనిచేయాలంటే చాలాసార్లు కాపలావాడిని ముందు నిద్రపుచ్చాలి, ఆ నిద్రలో ఇంకేమేం లోపలికి వచ్చాయో ఎవరూ చెప్పలేరు. అలాంటి దాంట్లో నేను బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టాలా? నిజానికి విండోస్ 8 కాలం నుంచి కంపెనీ విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపుకున్న అసలు ఫైలుతో అదే వెర్షన్, అదే ఎడిషన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే నెట్‌కి కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. చేతిలో అసలు సరుకు పెట్టుకుని దొంగది వేసివ్వడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఇంక వేగం సంగతి. మా అన్నయ్య కొడుకు చూసి "బాబాయ్, ర్యామ్ పెంచు, పరిగెడుతుంది" అన్నాడు. పెంచుదామని కొనుక్కొచ్చాను, స్లాట్‌లో పట్టలేదు, ఎందుకంటే నాది డీడీఆర్3 రకం ర్యామ్, తెచ్చింది దాని తర్వాతి తరం డీడీఆర్4. రెంటికీ కింద గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే విరిగేది స్లాటే. అది వాపసు చేసి వచ్చి కూర్చుని టాస్క్ మేనేజర్ (ఏ భాగం ఎంత పని చేస్తోందో విండోస్‌లో చూపించేది) తెరిచి చూశాను. 4 జీబీ ర్యామ్‌లో ఇంకా ఖాళీ ఉంది, ప్రాసెసర్ చల్లగా కూర్చుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర ఎర్రగా నిలబడిపోయింది. అసలు దోషి అదన్నమాట.

పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చిన్న ఫైలు కోసం దాని ముల్లు పళ్లెం మీద సరైన చోటికి జరిగి, ఆ చోటు తిరిగి తన కిందకి వచ్చేదాకా ఆగాలి, ఇదంతా పది పదిహేను మిల్లీసెకన్ల పని. వినడానికి ఎంతా కాదు, కానీ విండోస్ లేవాలంటే అలాంటివి వేల కొద్దీ చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు, డేటా అంతా చిప్‌లలోనే ఉంటుంది కాబట్టి అదే పని 0.1 మిల్లీసెకను చుట్టుపక్కల అయిపోతుంది. నా మెషీన్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి పట్టింది అరగంట, వెనకవైపు ఎనిమిది మరలు, డిస్క్ బిగించిన చట్రానికి ఇంకో నాలుగు. పవర్ నొక్కాక డెస్క్‌టాప్ వచ్చి చెప్పినమాట వినడానికి ముందు రెండున్నర నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై సెకన్లు. ర్యామ్ ఆ తర్వాత తీరిగ్గా వేసుకున్నాను, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచే అలవాటుంటే 8 జీబీ కావాల్సిందే. కానీ ఒకదానికే స్తోమత ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ. ఈ ఒక్క ముక్క ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే నాకు ఒక తిరుగుడు తప్పేది.

డిస్క్ మార్చే ఉద్దేశం లేకపోతే కనీసం దాని ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది, డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పేస్తుంది. నాది 21 వేల గంటలు దాటింది, అంటే రోజుకి 8 గంటల లెక్కన ఏడేళ్లు. "రెండేళ్లే వాడారు సార్" అన్న మాట అక్కడే తేలిపోయింది. గంటల కన్నా ముఖ్యం పాడైన సెక్టార్ల (డిస్క్‌లో డేటా రాసే చిన్న చిన్న గళ్ల) లెక్క, అంటే రీఎలకేటెడ్, పెండింగ్ అని రాసి ఉండేవి. అవి సున్నా ఉండాలి. వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌లో పిల్లల ఫొటోలు పెట్టకండి.

ఇంకో చిన్న విషయానికి నేను పడ్డ టెన్షన్ చెబితే నవ్వుతారు. ఇదంతా అయ్యాక ఏ సైట్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదు అని ఎర్ర బొమ్మ. వైరస్ మళ్లీ వచ్చిందనుకున్నాను, వైఫైని తిట్టాను, రూటర్ ఆపి మళ్లీ వేశాను. గంట గడిచాక స్క్రీన్ మూలన చూస్తే తేదీ 2012 జనవరి 1. సైట్లకి ఉండే సెక్యూరిటీ సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది, మన కంప్యూటర్ 2012లో ఉన్నాననుకుంటే ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ని ఎలా నమ్ముతుంది? మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే నాణెం సైజు బ్యాటరీ, 3 వోల్టులది, అయిపోయింది. కొత్తది వేసి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకున్నాయి. (కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికి వైరు అతికించి ఉంటుంది, అదే రకం తెచ్చుకోవాలి.)

ఇప్పుడు ఏ సిస్టం వేయాలి అన్నది. విండోస్ 11కి టీపీఎం 2.0 (ఒక రకం సెక్యూరిటీ చిప్) అడుగుతారు, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు కానీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, నేను ఆ జోలికి పోలేదు. విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టం లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం వేశాను. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాన్ని రాసుకుని, ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కి (మెషీన్‌ని బట్టి ఎఫ్9, ఎస్కేప్, ఇలా మారుతుంది) పెన్‌డ్రైవ్ నుంచి లేపితే, డిస్క్‌ని ముట్టుకోకుండానే మొత్తం వాడి చూడొచ్చు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, అన్నీ అక్కడే తేల్చుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి. వైఫై దొరకకపోతే కంగారు పడొద్దు, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెడితే నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ (వైఫై భాగాన్ని నడిపించే ప్రోగ్రాం) దింపుకోవచ్చు. ఇబ్బందులు లేవని అనను. ఆఫీసు నుంచి వచ్చిన వర్డ్ ఫైళ్లు, ఇక్కడ వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో ఒక్కోసారి వరసలు జరిగిపోతాయి, విండోస్‌కే రాసిన అకౌంట్ల ప్రోగ్రాం ఏదైనా మీకు తప్పనిసరైతే ఇది మీకు కాదు.

ఎంత చవకైనా వద్దనేవి కూడా ఉన్నాయి. ఆన్ చేయగానే బయోస్ (సిస్టం కన్నా ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) పాస్‌వర్డ్ అడిగేది వద్దు. "ఈ డివైజ్ ఫలానా సంస్థ నిర్వహణలో ఉంది" అని చూపించేది వద్దు, ఆ తాళం వాళ్లు తీస్తే తప్ప పూర్తిగా పోదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి ఉన్నదైతే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, దాన్ని ఛార్జింగ్ పెట్టి, గుచ్చి ప్రయోగాలు చేయకండి. 2 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉండి పెంచే వీలు లేనిదాన్ని ఏ సిస్టం వేసినా బ్రౌజర్ తినేస్తుంది.

బయటికి తీసిన ఆ పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం ఊరికే పారేయలేదు. ఆవిడ ఎవరో తెలియదు, అమ్మినతను చెప్పి ఉంటాడన్న నమ్మకం నాకు లేదు, కాబట్టి లినక్స్‌లోంచే మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాయించాను, 500 జీబీకి దాదాపు రెండు గంటలు పట్టింది. మీరు మీ కంప్యూటర్ ఇచ్చేసేటప్పుడు హార్డ్ డిస్క్ అయితే ఇలా చేయండి. ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మకం కాదు, అది డేటాని తన లెక్క ప్రకారం చోట్లు మార్చి దాస్తుంది, దానికి బయోస్‌లోనో తయారీ కంపెనీ ప్రోగ్రాంలోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ అనే, మొత్తం చెరిపే ఆప్షన్ వాడాలి.

ఎడిటర్ గారూ, కొత్త ఫోన్ల పక్కనే వారానికి ఒక చిన్న పెట్టె పాత కంప్యూటర్లకి ఇవ్వండి. మొదటి వారం డేటా పూర్తిగా చెరపడం ఎలాగో బొమ్మలతో వేయండి, కొనేవాళ్ల కన్నా అమ్మేవాళ్లు ఎక్కువ చదవాల్సింది అది.

ఇట్లు,
మీ పాఠకుడు