ఇపో నుంచి సుధాకర్‌కు: ఒక ఇంటి వంట గురించి

ఇపో, మలేషియా

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తెలిసి సంతోషించాను. చైనీయుల ఇంటి మేడమీద అద్దెకు ఉంటున్నావు కదా, వాళ్లు రోజూ ఏం వండుకుంటారు, మన వీధి చివర బండి మీద దొరికే నూడుల్సూ మంచూరియా వంటివేనా అని అడిగావు. ఆ మంచూరియా మన దేశంలోనే పుట్టిన వంటకం. మా ఇంటి యజమానులకు దాని పేరైనా తెలియదు. ఇక్కడి ఇళ్లలో వండుకునే తిండి దానికి పూర్తిగా భిన్నమైనది. దాని గురించి నీకు తీరికగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను గనుక, ఉత్తరం పొడవైతే విసుక్కోకుండా చదువు.

ఈ ఊరు కింటా లోయలో ఉంది. 19వ శతాబ్దంలో తగరపు గనుల్లో పని కోసం దక్షిణ చైనా నుంచి ఇక్కడికి వచ్చినవారిలో కాంటనీయులూ హక్కాలూ ఎక్కువ. మా ఇంటి యజమాని కాంటనీయుడు, ఆయన భార్యది హక్కా కుటుంబం. ఇక్కడి వాడుక ప్రకారం ఆవిడను నేను ఆంటీ అని పిలుస్తాను. మేడ మెట్లు ఆవిడ వంటగది వాకిలి పక్కనుంచే ఉండడం వల్ల, వంట జరుగుతున్నప్పుడు అక్కడ నిలబడి మాట్లాడడం నాకు అలవాటయింది.

వాళ్ల రాత్రి భోజనంలో ఎవరి అన్నం వారి గిన్నెలో ఉంటుంది. తక్కినవన్నీ బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఉంటాయి. ఒక సూపు, ఒక ఆకుకూర, ఆవిరి మీద ఉడికించిన చేపో గుడ్డో, అంతే. తినడానికి ముందు పిల్లలు పెద్దలను వరుసపెట్టి పిలిచి, భోంచేయమని చెప్పి గాని చేయి కదపరు. ఆ మర్యాద ఇప్పటికీ చాలా ఇళ్లలో సాగుతోంది.

అన్నిటికంటె ముఖ్యమైనది సూపు. వారంలో ఒకసారైనా ఇక్కడ చేసేది ఏబీసీ సూపు. కోడి ఎముకలను ముందుగా మరిగే నీటిలో ఒక పొంగు రానిచ్చి, మురికితేలిన ఆ నీటిని పారబోసి, ఎముకలను శుభ్రంగా కడుగుతారు. తరువాత మంచినీరు పోసి, పెద్ద ముక్కలుగా కోసిన బంగాళాదుంప, కేరెట్, టమాట, ఉల్లిపాయ, చిదిపిన తెల్ల మిరియాలు వేసి, సన్నని సెగ మీద గంటా గంటన్నర ఉంచుతారు. పోపు లేదు, నూనె లేదు, పసుపు లేదు. ఉప్పు కూడా చివర్లోనే. మొదటిసారి విన్నప్పుడు ఇందులో రుచి ఎక్కడినుంచి వస్తుందని నీకు అనిపిస్తుంది, కాని టమాట పులుపు, కేరెట్ తీపి, ఎముకల సారం నెమ్మదిగా కలిసి, ఏ ఒక్కటీ మిగిలినవాటిని మింగేయకుండా నిలిచే ఆ రుచి మసాలా వేస్తే రాదని నా అభిప్రాయం. తామరదుంప, వేరుసెనగలు వేసి చేసేది ఇంకా బాగుంటుంది.

ఇదంతా చప్పిడి తిండి అని నువ్వు అనుకుంటావని నాకు తెలుసు. కారం ఇక్కడా ఉంది, అయితే అది వండే పాత్రలోకి వెళ్లదు. చిన్న సాసరులో లేత రకం సోయా సాసు పోసి, అందులో తరిగిన పండుమిరపకాయ ముక్కలు వేసి బల్ల మీద పెడతారు. ఎవరికి కావలసినంత వారు అద్దుకుంటారు. అందువల్ల ఒకే కుండలోని తిండి పళ్లు రాని పసివాడికీ, పళ్లు ఊడిన ముసలమ్మకూ, ఘాటు లేనిదే ముద్ద దిగని నా వంటివాడికీ సరిపోతుంది. మన ఇళ్లలో పిల్లలకోసం కారం వేయకముందే కొంత కూర పక్కకు తీయవలసివస్తుంది కదా, ఆ బాధ వీళ్లకు లేదు.

కోడి అన్నం సంగతి కూడా ఇటువంటిదే. హైనాన్ దీవి నుంచి వచ్చినవారి పేరు మీద చెలామణి అయ్యే ఈ వంట హోటళ్లలో ఎంత ప్రసిద్ధమో, ఇళ్లలోనూ అంతే. కిలోన్నర కోడిని నీరు తెర్లకుండా, కేవలం వణుకుతున్నట్టుండే సెగ మీద 40–45 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీటిలో ముంచుతారు. దానివల్ల చర్మం బిగుసుకొని మాంసం మెత్తగా, తడిగా ఉంటుంది. అసలు గొప్పతనం మాత్రం అన్నానిది: కోడి కొవ్వు కరిగించి అందులో అల్లం, వెల్లుల్లి వేయించి, కడిగిన బియ్యాన్ని అందులోనే కాసేపు తిప్పి, కోడి ఉడికిన నీటినే ఎసరుగా పోసి, మన మొగలి జాతికే చెందిన పాండన్ ఆకును ముడివేసి వేస్తారు. కోడి ఉడికిన నీటిలో ఎసరుకు పోయగా మిగిలినదే సూపు. ఇపోలో కోడి పక్కన పొట్టిగా, లావుగా ఉండే మొలకలు పెడతారు. చుట్టూ ఉన్న సున్నపురాయి కొండల నీటివల్లనే అవి అలా పెరుగుతాయని ఊరివారి నమ్మకం.

క్లాంగ్ పట్టణం పేరు చెబితే అందరూ తలచుకునే బక్ కుట్ తే అనే మూలికల సూపును 2024లో ప్రభుత్వం జాతీయ వారసత్వ వంటకాల్లో చేర్చింది. అది పంది ఎముకలతో చేసేది. నేను తినను గనుక ఆంటీ నాకోసం కోడితో చేస్తుంది.

ఇంతవరకు చదివి ఇదంతా చైనా వంటే కదా, మలేషియా ఎక్కడుంది అని అడుగుతావేమో. కరివేపాకు చెట్టు మా వెనక పెరట్లోనే ఉంది. ఆంటీ చేసే కోడి కూరలో ఆ ఆకూ, మసాలా పొడీ, కొబ్బరిపాలూ, బంగాళాదుంపలూ ఉంటాయి. మరునాడు మిగిలిన పులుసును బ్రెడ్డుతో తింటారు. మన తూటికూరను ఇక్కడ కంగ్‌కుంగ్ అంటారు. పులియబెట్టిన రొయ్యల ముద్ద బెలచాన్‌ను పండుమిరపకాయలతో నూరి, పెద్ద మంట మీద ఆ కూరను రెండు నిమిషాల్లో తిప్పి దించుతారు. ఎండురొయ్యలు వేయించిన ఇంటి వాసన ఎరిగిన కోస్తావాడివి నువ్వు, ఆ ఘాటుకు ముక్కు మూసుకోవు.

ఆంటీ కోడలు ఆమధ్య ప్రసవించింది. ఆ నెల రోజులూ వంటగదిలో ముదురు అల్లం, నువ్వుల నూనె, బియ్యపు సారాయితో ఉడికిన కోడి వాసనే. హక్కాలకు బాలింత వంటంటే అదే. నల్ల వెనిగర్‌లో అల్లం, గుడ్లు, పంది కాళ్లు వేసి కాచినది కాంటనీయుల పద్ధతి. దాన్ని బంధువులకూ పంచుతారు. తలస్నానం వద్దు, చన్నీళ్లు ముట్టుకోవద్దు, గాలి తగలనివ్వద్దు అని ఆవిడ కోడలికి చెబుతుంటే మా అమ్మమ్మ శొంఠిపొడి పెట్టిన రోజులు గుర్తుకు వచ్చాయి. కోడలు మాత్రం తలస్నానం విషయంలో అత్తగారి మాట వినలేదు, నేను ఆమె పక్షమే.

నువ్వు మొదట ఆవిరి గుడ్డు చేసి చూడు. మూడు గుడ్లను నురగ రాకుండా గిలక్కొట్టి, వాటికి రెండింతలు గోరువెచ్చని నీరు, చిటికెడు ఉప్పు కలిపి, వడగట్టి, పళ్లెం మీద మూత పెట్టి, సన్నని ఆవిరి మీద 10–12 నిమిషాలు ఉంచు. సెగ ఎక్కువైతే లోపల బొరియలు పడి తేనెపట్టులా తయారవుతుంది. దించాక అర చెంచా లేత సోయా, నాలుగు చుక్కల నువ్వుల నూనె చాలు. సోయా కొనేటప్పుడు లేతదే అడిగి తీసుకో, ముదురు సోయా రంగుకోసం తప్ప ఉప్పుకు పనికిరాదు. నూనె కూడా మన ఆవకాయలో పోసేది కాదు, నువ్వులను వేయించి తీసిన గోధుమరంగు నూనె కావాలి. హైదరాబాదులో పెద్ద దుకాణాల్లో చిన్న సీసా దొరుకుతుంది. ఎలా కుదిరిందో రాయి, అప్పుడు కోడి అన్నానికి వేసే పచ్చడి కొలతలు పంపుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు
వేణు