స్లాబు పోయకముందే మట్టం కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీ, షుగర్‌లాండ్, పియర్‌లాండ్ ఊళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఇళ్లు కొనుక్కున్నారు. ముంపు ప్రాంతాల్లో కట్టడాల నిబంధనలు సవరిస్తామని సిటీయో కౌంటీయో అనగానే ‘ఇళ్ల ఖర్చు పెంచడానికే ఇదంతా’ అన్న మాట బయల్దేరుతుంది. సవరించకపోతే పడే దెబ్బ అంతకన్నా పెద్దది.

1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం షరతు ఇది: ఊరి నిబంధనలు ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) కనీస ప్రమాణాలకు తగ్గకుండా ఉంటేనే అక్కడ పాలసీలు అమ్ముతారు. కొత్త వరద మ్యాపుపై ఫెమా తుది లేఖ వచ్చాక ఊరికి ఉండే గడువు ఆరు నెలలు. ఆలోగా ఆ మ్యాపుకు తగ్గ నిబంధనలను కౌన్సిల్ ఆమోదించకపోతే ఊరు పథకం నుంచి సస్పెండ్ అవుతుంది. కొత్త పాలసీ ఇవ్వరు, పాతది రెన్యూ కాదు. ముంపు జోన్‌లోని ఇంటికి ప్రభుత్వ హామీతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ గృహరుణాలు రావు. ఇక ఆ ఇల్లు అమ్మడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

అలాగని కనీసంతో సరిపెట్టుకోకూడదు. కింది అంతస్తు వందేళ్ల వరద మట్టానికి సమానంగా ఉంటే ఫెమాకు చాలు. ఏటా ఒక శాతం అవకాశమున్న ఆ వరద, 30 ఏళ్ల హోమ్‌లోన్ తీరేలోపు ఇంటిని తాకే అవకాశం 26 శాతం. పైగా 2018లో అమెరికా వాతావరణ సంస్థ నోవా సవరించిన అంచనాల్లో హ్యూస్టన్‌కు 24 గంటల్లో పడే వందేళ్ల వాన 13 అంగుళాల నుంచి 18కి పెరిగింది. అందుకే హ్యూస్టన్ నగరం 2018 సెప్టెంబరు 1 నుంచి ముంపు జోన్లలో కట్టే కొత్త ఇళ్లకు అయిదొందల ఏళ్ల వరద మట్టం మీద మరో రెండడుగులు తప్పనిసరి చేసింది. మిగతా ఊళ్లూ అదే పెట్టుకోవాలి. కనీసాన్ని మించిన ఊళ్లకు ప్రీమియంలో 5 నుంచి 45 శాతం దాకా రాయితీ కూడా ఉంది.

రూలు ఎంత మంచిదైనా చెడేది సైటు దగ్గరే. కాంక్రీటు పోశాక మూడంగుళాలు తక్కువని తేలితే చేసేదేముంది? స్లాబు చుట్టూ కాంక్రీటును ఆపే ఫారం చెక్కలు బిగించగానే సర్వేయరు మట్టం కొలిచి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే పోతకు అనుమతివ్వాలి. నేల కుంగే ప్రాంతం కనుక ఏ బెంచ్‌మార్కు (ఎత్తు కొలతకు ఆధారమైన గుర్తు), దాని ఎత్తుకు ఏ సంవత్సరపు సవరణ వాడారో ఆ కాగితంలో ఉండాలి. ఇల్లు ఎత్తుగా కట్టి ఏసీ బయటి యూనిట్‌ను నేల మీదే వదిలేస్తుంటారు. దాన్నీ అదే మట్టానికి ఎత్తాలి.

వరద మట్టానికి దిగువనున్న గ్యారేజీ గోడలకు నీటి కన్నాలు పెట్టాలి. చదరపు అడుగుకు ఒక చదరపు అంగుళం లెక్కన 400 చదరపు అడుగుల గ్యారేజీకి 400 చదరపు అంగుళాలు, కనీసం రెండు కన్నాలు, వేర్వేరు గోడల్లో. కన్నం కింది అంచు నేలకు ఒక అడుగు మించి పైన ఉండకూడదు. జాలీ బిగిస్తే మిగిలే ఖాళీనే లెక్క. గ్యారేజీ తలుపు లెక్కలోకి రాదు. నీరు దానంతటదే లోపలికీ బయటికీ పోవాలి. లేదంటే బయటి నీటి ఒత్తిడికి గోడే కూలిపోతుంది. ఇల్లు చేతికొచ్చాక లోపలి నుంచి షీట్‌రాక్ (జిప్సం పలక) కొట్టి వీటిని మూసేస్తున్నారు. దయచేసి అది మాత్రం చేయకండి.

పాత ఇళ్లకు 50 శాతం రూలు ఉంది. కట్టడం విలువ 3 లక్షల డాలర్లయితే, మరమ్మతు లక్షన్నరకు చేరిందంటే ఇల్లంతా కొత్త ప్రమాణానికి తేవాలి. స్థలం విలువ ఇందులో కలపకూడదు. ఈ ఏడు కిచెన్, వచ్చే ఏడు బాత్‌రూమ్ అని పర్మిట్లు విడగొట్టేవాళ్లున్నారు కాబట్టి కొన్నేళ్ల ఖర్చు కలిపి లెక్కించాలని నిబంధనలోనే రాయాలి. వరదకు దెబ్బతిన్న ఇంటికి పాలసీ ఉంటే కొత్త ప్రమాణానికి తెచ్చే పనికి 30 వేల డాలర్ల దాకా అదనంగా వస్తుంది.

2017 హార్వీ తుపానులో బార్కర్ రిజర్వాయరు ఎగువన మునిగిన ఇళ్లలో చాలావరకు వందేళ్ల జోన్ బయటివే. మ్యాపులో మన వీధికి రంగు లేదని ఊరుకోకుండా పాలసీ తీసుకోవాలి. సాధారణంగా అది అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. తుపాను పేరు వినబడ్డాక ప్రీమియం కడితే ఆ వరదకు పనికిరాదు.

— ఒక పాఠకుడు, కేటీ, టెక్సాస్