బట్ట పదేళ్లు నిలవాలంటే బాగుచేసే చేతులు ఊళ్లో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఆషాఢం వచ్చిందంటే పత్రిక మొదటి పేజీ నిండా బట్టల దుకాణాల తగ్గింపు ప్రకటనలే. శ్రావణానికి కొత్త సరుకు దించుకోవాలి కాబట్టి ఉన్నది వదిలించుకోవడం దుకాణదారుల అవసరం. ఏడాదికోసారి జరిగే ఆ వ్యాపారం మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఇప్పుడు ఏడాది పొడవునా ఆషాఢమే నడుస్తోంది. ఫోను తెరిస్తే మూడు వందలకు చొక్కా, రెండు వందల యాభైకి కుర్తీ, వారం వారం కొత్త రకం. నాలుగు ఉతుకులకే రంగు దిగి, నూగు లేచి ఉండలు కట్టే ఆ బట్టల గురించి, వాటి నుంచి జనాన్ని మళ్లించడానికి ప్రభుత్వాలూ పురపాలక సంఘాలూ చేయగలిగిన పనుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతున్నాను. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలివైపు చూడటం నాకు అలవాటు. పాత తరం దర్జీ కుట్టిన జాకెట్టు ఇంట్లో ఉంటే ఒకసారి తిరగేయండి. పక్కకుట్టు దగ్గర అంగుళం దాకా గుడ్డ లోపల వదిలి ఉంటుంది. దాని మీద రెండు మూడు కుట్లు వరుసగా వేసి ఉంటాయి. ఒళ్లు వస్తే మొదటి కుట్టు విప్పుకుంటే జాకెట్టు వదులవుతుంది, చిక్కితే మళ్లీ వేసుకోవచ్చు. పెళ్లినాటి జాకెట్టు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా పట్టేదంటే కారణం ఆ అంగుళం గుడ్డే. ఇప్పుడు ఫోనులో తెప్పించుకున్న కుర్తీ తిరగేయండి. ఓవర్‌లాక్ మిషను అంచును కత్తిరించుకుంటూ పోయి ఉంటుంది, లోపల పావు అంగుళం మిగలదు. వదులు చేద్దామన్నా గుడ్డ లేదు. కుట్టు ఎడం ఎడంగా ఉంటుంది, ఒక్కచోట దారం తెగితే జానెడు ఊడి వస్తుంది. చంక దగ్గర పిగిలితే మాసిక వేయడానికి ముక్క దొరకదు. కుట్టినవాళ్లకు పని రాదని నేను అనను. అంగుళం అంగుళానికీ, కుట్టు కుట్టుకూ పైసలు మిగల్చాలని పైనుంచి వచ్చిన లెక్క ప్రకారం వాళ్లు కుట్టారు.

ఆ లెక్క మనుషుల ప్రాణాల దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనానికి బీటలు వచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకునూ దుకాణాలనూ మూసేశారు. విదేశీ బ్రాండ్లకు బట్టలు కుట్టే కార్మికులను మాత్రం మర్నాడు, 24వ తేదీన, పనిలోకి రమ్మన్నారు. భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లే, నా దగ్గర మిషను తొక్కడం నేర్చుకునే పిల్లల వయసువాళ్లు ఎందరో. మనకు దగ్గరలోనే తిరుప్పూరులో అద్దకం నీళ్లతో నొయ్యల్ నది పాడైపోతే, 2011లో అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమని మద్రాసు హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. మూడు వందల చొక్కా మీద ఈ ఖర్చులేవీ రాసి ఉండవు.

గుడ్డ సంగతీ చెప్పాలి. ప్రపంచంలో తయారవుతున్న వస్త్రపు పోగుల్లో సగానికి పైగా పాలియెస్టరే. మంచినీళ్ల సీసా చేసే ప్లాస్టిక్కే అది. ఉతికిన ప్రతిసారీ కంటికి ఆనని నూగు రాలి మురుగుకాలువలో కలుస్తుంది. మన మే నెల ఎండలో చెమట పీల్చని ఆ గుడ్డ ఒంటి మీద ఎలా ఉంటుందో కట్టుకున్నవారందరికీ తెలుసు. నూలు చీర పాతబడితే పసిబిడ్డకు ఉయ్యాల అయ్యేది, నాలుగు కలిపి కుడితే బొంత అయ్యేది, ఆఖరుకు వంటింట్లో మసిగుడ్డగా తన పని ముగించేది. పాలియెస్టర్ చీర మసిగుడ్డకూ పనికిరాదు. నీళ్లు పీల్చదు, పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే కరిగి చేతికి అంటుకుంటుంది. చెత్తబండి తప్ప దానికి వేరే దారి లేదు. తడిచెత్త, పొడిచెత్త వేరు చేయమని మైకులో చెప్పే బండ్లలో పాత బట్టలకు విడిగా ఒక సంచీ కూడా ఉండదు.

తక్కువ బట్టలు, ఒకదానితో ఒకటి కలిసేవి, ఏళ్ల తరబడి కట్టుకోగలిగేవి ఎంచుకోవాలనే ఆలోచనను 1970లలో లండన్‌లో దుకాణం నడిపిన సూసీ ఫో అనే ఆవిడ క్యాప్సూల్ వార్డ్‌రోబ్ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. మన నగరాల్లో ఉద్యోగాలు చేసే అమ్మాయిలు ఇప్పుడు దీని గురించి మాట్లాడుకుంటున్నారు. చాలా సంతోషం. కానీ వీడియోలలో చూపించే తెల్లచొక్కా, నల్లకోటు కొనడానికి మళ్లీ బజారుకు పరుగెత్తితే మొదటికే మోసం. మన ఎండకూ మన పనికీ తగినవి చూసుకోవాలి. చీర కట్టుకుని ఉద్యోగానికి వెళ్లేవారికి అరడజను నూలు చీరలు, వాటన్నిటి మీదకీ నప్పే నలుపు, మెరూన్, ముదురాకుపచ్చ జాకెట్లు ఉంటే ఏళ్లు గడుస్తాయి. మంగళగిరి చీర ఒళ్లంతా సాదాగా ఉండి అంచున మాత్రం జరీ ఉంటుంది. అందుకే అది ఏ జాకెట్టుతోనైనా కలిసిపోతుంది, పదేళ్ల తరవాత కట్టినా పాతకాలపుదనిపించదు. అదే గుడ్డ మీటర్ల లెక్కన తీసుకుంటే చుడీదార్లకూ మగవారి చొక్కాలకూ బాగుంటుంది. పోచంపల్లి అని చెప్పి ప్రింటు గుడ్డ అంటగట్టే దుకాణాల దగ్గర మాత్రం జాగ్రత్త. పోగులకు రంగు అద్ది నేసిన ఇక్కత్ రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, అచ్చు వేసినది వెనకవైపు చాలావరకు వెలిసినట్టు ఉంటుంది. ఇక ప్రతి పెళ్లికీ కొత్త చీర ఉండాలన్న పట్టింపు మనం వదులుకోవలసిందే. కట్టిన చీరే కట్టిందని ఫొటోలు చూసి అనేవాళ్లను అననివ్వండి.

చేనేత కొనే స్తోమత అందరికీ ఉందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో ఒక్క చీరకు పదిహేను వందలు ఒకేసారి తీయడం కష్టం. మరోపక్క 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మంది ఈ పని మీద బతుకుతున్నారు. నేతవారి కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతులకు నెలకు 5,000 రూపాయలు కూడా రావడం లేదని అదే గణన చెప్పింది. నేసినవారికి గిట్టక, కొనేవారికి అందక మధ్యలో చవక పాలియెస్టర్ రాజ్యమేలుతోంది. ఈ బరువంతా కొనేవారి మనస్సాక్షి మీద పెట్టి ప్రభుత్వాలు తప్పుకోకూడదు.

ముందు పన్ను చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. నెలలో చెత్తకు పోయే కుర్తీకి తక్కువ పన్ను, మంచి గుడ్డతో పదేళ్లు నిలిచేలా కుట్టిన దుస్తులకు మూడు రెట్లకు పైగా. ఫ్రాన్సులో 2023 నుంచి బట్టలు, చెప్పులు బాగుచేయించుకునేవారికి పనిని బట్టి 6 నుంచి 25 యూరోల దాకా బిల్లులోనే తగ్గిస్తున్నారు. మనం అంత పెద్ద పథకం పెట్టలేకపోవచ్చు. ప్రతి రైతుబజారులో తక్కువ అద్దెకు నాలుగడుగుల చోటు ఇస్తే చాలు, పాత బట్టలు సరిచేసే దర్జీలు నిలదొక్కుకుంటారు. స్వయం సహాయక సంఘాల్లో కుట్టుపని నేర్చుకున్న ఆడవాళ్లు ఎందరో మిషన్లు ఇంట్లో ఉండి కూడా పని లేక కూర్చున్నారు. రఫ్ఫు చేసేవారి పరిస్థితి ఇంకా అన్యాయం. బట్ట లోపలి మడతలోంచే పోగు లాగి, పడుగూ పేకా చూసుకుంటూ సూదితో నేసినట్టే చిల్లి పూడ్చే ఆ పనితనం ఒకప్పుడు బజారుకొకరి చేతిలో ఉండేది. ఇప్పుడు ఊరంతా గాలిస్తే ఒకరు దొరుకుతారు, ఆ ఒక్కరికీ శిష్యులు లేరు. శిక్షణ కేంద్రాలలో కొత్త బట్ట కుట్టడంతోపాటు ఇది కూడా నేర్పించాలి.

ఇంకొకటి వెంటనే చేయగలిగిన పని. తెలంగాణలో ప్రభుత్వ బడుల యూనిఫారాలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. ఆ కొలతల పత్రంలో ఒక్క వాక్యం చేర్చమని అధికారులను వేడుకుంటున్నాను: ప్యాంటుకూ గౌనుకూ కింద రెండంగుళాల మడత, పక్కకుట్ల దగ్గర ముప్పావు అంగుళం గుడ్డ వదలాలి. ఎదిగే పిల్లలు ఏడాది మధ్యలో పొట్టి బట్టలతో బడికి వెళ్లే అవస్థ దాంతో తప్పుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే యూనిఫారాలకూ ఇదే నియమం పెట్టాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. వారానికి ఒకసారి అరపేజీ ఈ పనికి కేటాయించండి. నూలుబట్టకు గంజి ఎలా పెట్టాలి, పట్టుచీర మడత మార్చకపోతే ఎక్కడ పిగులుతుంది, మాసిక ఎలా వేయాలి, ఏ ఊళ్లో రఫ్ఫు ఎవరు చేస్తారు అన్నవి అందులో రావాలి. పాఠకులు ప్రశ్నలు పంపితే జవాబులు రాసివ్వడానికి నేనూ, మా కేంద్రంలోని దర్జీలూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక కుట్టు శిక్షకురాలు,
తెనాలి