పాకడం కాదండీ, ట్రేస్ చేసి చూడమని చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ టెక్నాలజీ పేజీలో ఎవరో పాఠకుడు, సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చినా పాతదే ఓపెన్ అవుతోందేంటని అడిగితే 'డీఎన్ఎస్ మార్పులు ప్రపంచమంతా పాకడానికి 48 గంటలు పడుతుంది, ఓపిక పట్టండి' అని జవాబిచ్చారు. ఓపిక మంచిదే గానీ ఇక్కడ పాకేదేమీ లేదండీ. డీఎన్ఎస్ అంటే సైట్ పేరు అడిగితే దాని సర్వర్ అడ్రస్ (ఐపీ) చెప్పే ఏర్పాటు. కొత్త అడ్రస్‌ని ఎవరూ నెత్తిన పెట్టుకుని ఊరూరా పంచరు, అడిగినవాళ్లకి చెప్తారు అంతే, అడిగిన రిజాల్వర్ (మన తరఫున అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) దాన్ని కాసేపు గుర్తుపెట్టుకుంటుంది, ఆ గడువు అయ్యేదాకా మళ్లీ అడగదు.

నాకైతే దెబ్బ తిన్నాకే బోధపడింది. మా చిన్న సైట్‌ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చాం, రెండ్రోజులైనా పాత పేజీయే వస్తోంది, సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ప్రాపగేషన్ (అదే, పాకడం) అండీ 48 గంటలు అన్నారు, అవి అయ్యాక 72 అన్నారు, ఇక విసుగొచ్చి నేనే డిగ్ కమాండ్‌కి (డీఎన్ఎస్‌ని నేరుగా అడిగి చూసేది) ప్లస్ ట్రేస్ తగిలించి (dig +trace, జవాబు ఏయే మెట్లు దాటి వస్తుందో చూపిస్తుంది) డొమైన్ పేరు కొట్టా. ముక్కలు ముక్కలుగా వచ్చింది. మొదట రూట్ సర్వర్ల (అన్నిటికంటే పై మెట్టువి) పేర్లు, ఏ నుంచి ఎం దాకా 13 (పేర్లు 13 గానీ మెషీన్లు ప్రపంచమంతా వెయ్యికి పైనే ఉన్నాయి, ఒకే అడ్రస్‌ని చాలా చోట్ల పెట్టి నడిపిస్తారు). అందులో ఒకదాన్ని అడిగితే 'ఆ సైట్ సంగతి నాకు తెలీదు, డాట్ కామ్ వాళ్లని అడుగు' అని ఇంకో 13 పేర్లు చేతిలో పెట్టింది. డాట్ కామ్ సర్వర్ కూడా ఐపీ చెప్పదు, ఫలానా నేమ్ సర్వర్ల (ఆ సైట్ అడ్రస్ రాసిపెట్టుకున్నవి) దగ్గరకి పొమ్మంటుంది, అసలు జవాబు చెప్పేది వాళ్లే. ప్రతి ముక్క కింద ఈ మాట ఎవరు చెప్పారు, ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది అని ఒక లైన్ ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు, చూడాల్సింది అదే. నా దాంట్లో మూడో ముక్కలో దొంగ దొరికాడు. డాట్ కామ్ సర్వర్ ఇంకా పాత కంపెనీ నేమ్ సర్వర్ల పేర్లే చెప్తోంది! అంటే రిజిస్ట్రార్ (డొమైన్ పేరు అమ్మిన కంపెనీ) దగ్గర నేను చేసిన మార్పు అసలు పడనే లేదు, కన్ఫర్మ్ చెయ్యమని వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడుంది. 48 గంటలు కాదు 48 రోజులు కూర్చున్నా అంతే సంగతులు.

అన్నట్టు ఆ మూడో ముక్కలో పేర్ల పక్కన 172800 అని ఒక అంకె ఉంటుంది. అది గుర్తుపెట్టుకునే గడువు, సెకన్లలో, లెక్కేస్తే సరిగ్గా రెండు రోజులు. మీ 48 గంటల మాట ఇక్కడే పుట్టిందని నా అనుమానం. కానీ అది నేమ్ సర్వర్లే మారినప్పుడు, అదీ మహా అయితే. నేమ్ సర్వర్లు అవే ఉంచి ఐపీ మాత్రం మారిస్తే ఆ రికార్డుకి మనం పెట్టుకున్న టీటీఎల్ (ఆ గడువే, సెకన్లలో) ఎంతో అంతే, దాన్ని ముందురోజే 300కి దించుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోయే పని.

ఒక మెలిక ఉంది. ట్రేస్ మన రిజాల్వర్ గుర్తుపెట్టుకున్నదాన్ని పక్కనపెట్టి రూట్ నుంచి తనే నడుచుకుంటూ వెళ్తుంది, అందుకని ట్రేస్‌లో కొత్త ఐపీ, బ్రౌజర్‌లో పాతది కనిపించొచ్చు. అప్పుడే 'ఆగండి' అనే సలహా కరెక్ట్. ఇంకోటి, రికార్డు పెట్టకముందే వచ్చిందా వచ్చిందా అని చూసే తొందర మనుషులు (నేనూ ఆ బాపతే) 'అలాంటి పేరు లేదు' అనే జవాబుని కూడా రిజాల్వర్ గుర్తుపెట్టుకుంటుందని మర్చిపోతారు.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు పడిపోయినప్పుడు సర్వర్లు క్రాష్ అయ్యాయనే ఎక్కడ చూసినా. ఆ టైమ్‌లో ట్రేస్ చేస్తే రూట్ పలికింది, డాట్ కామ్ పలికింది, ఆ తర్వాత నిశ్శబ్దం. ఎందుకంటే వాళ్ల నేమ్ సర్వర్లకి వెళ్లే దారినే వాళ్ల నెట్‌వర్క్ బీజీపీలోంచి (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) తీసేసుకుంది, ఇల్లు ఉంది గానీ ఇంటికి రోడ్డు లేదన్నమాట.

ఆ పాఠకుడికి వచ్చే వారం ఇంకో నాలుగు లైన్లు రాయండి సార్. ముందు ట్రేస్ కొట్టి మూడో ముక్కలో ఎవరి పేర్లు ఉన్నాయో చూడమనండి, పాతవి ఉంటే రిజిస్ట్రార్ దగ్గరకి పరిగెత్తమనండి, కొత్తవి ఉంటే మీరన్నట్టే ఆగమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు