మాయ కాదు, భాగహారం

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లల పేజీలో 1,42,857ను ‘మాయా సంఖ్య’గా పరిచయం చేశారు. రెండుతో హెచ్చవేస్తే 2,85,714, మూడుతో అయితే 4,28,571, ఇలా ఆరు దాకా అవే అంకెలు అదే వరుసలో గుండ్రంగా తిరుగుతాయని, ఏడుతో హెచ్చవేయగానే 9,99,999 వస్తుందని చూపించారు. అంతవరకు చక్కగా ఉంది. చివర రాసిన ‘దీని రహస్యం ఎవరికీ అంతుపట్టదు’ అన్న వాక్యంతోనే నాకు పేచీ.

ఒకటిని ఏడుతో భాగించి చూడండి. 0.142857142857... అని వస్తుంది. ఒక్కో మెట్టులో మిగిలే శేషాలను పక్కన రాసుకుంటే 3, 2, 6, 4, 5, 1. ఏడుతో భాగిస్తే సున్నా కాకుండా మిగలగలిగేవి ఈ ఆరే. అన్నీ ఒక్కోసారి వచ్చిపోయాక మళ్లీ 1 మిగిలింది కాబట్టి లెక్క మొదటికొస్తుంది, అంకెలూ మొదటి నుంచి వస్తాయి. రెండును ఏడుతో భాగించడమంటే ఇదే లెక్కను శేషం 2 వచ్చిన చోట అందుకోవడం. అందుకే 285714. ఐదో తరగతి పిల్లలు పలక మీద తేల్చగల విషయం ఇది. మీ పేజీలో దీనికి నాలుగు వరుసలు చాలు.

పైగా ఈ వింత సంఖ్యది మాత్రమే కాదు, మనం పదుల్లో లెక్కించే అలవాటుది కూడా. ఎనిమిదుల్లో లెక్కించేవారికి ఏడో వంతు 0.1111... అని ఒకే అంకెతో సాగిపోతుంది. అదే పేజీ వెనక సంఖ్యాశాస్త్రం పేరిట జాతకాలు వేస్తున్నారు కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

నిజంగా అంతుపట్టనిది కావాలంటే ఇక్కడే ఉంది. 13తో భాగిస్తే ఈ ఆట సాగదు. శేషాలు పన్నెండూ ఒకే చక్రంలో ఇమడవు, ఆరేసి చొప్పున రెండు చక్రాలుగా విడిపోతాయి. 17తో మళ్లీ సాగుతుంది. అక్కడ వచ్చే 0588235294117647ను ఒకటి నుంచి పదహారు వరకు దేనితో హెచ్చవేసినా అంకెలు చక్రం తిరుగుతాయి (ముందున్న సున్నాను మాత్రం వదలకూడదు). 19, 23, 29 కూడా ఇలాంటివే. ఇలాంటి ప్రధాన సంఖ్యలకు అంతు ఉందా? లేదనే చెప్పే ఊహను 1927లో ఎమిల్ ఆర్టిన్ అనే గణితవేత్త ప్రతిపాదించాడు. ఇంతవరకు ఎవరూ దాన్ని నిరూపించలేకపోయారు. తెలిసినదాన్ని రహస్యమని, అసలు రహస్యాన్ని ఊసైనా ఎత్తకుండా పిల్లలకు అందించడం ఏం న్యాయం?

వచ్చే ఆదివారం 17 లెక్కను వేయండి. జవాబును తలకిందులుగా చిన్న అక్షరాల్లో కాకుండా, భాగహారం మొత్తం మెట్లతో సహా అచ్చువేయండి.

ఇట్లు,
లెక్కలంటే ఇష్టమున్న ఒక పాఠకురాలు