లైవ్ పెడితే మాట వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. కంప్యూటర్ పని కాస్త తెలుసు కాబట్టి మా సమావేశాలను యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చే బాధ్యత నాకు అప్పగించారు. సమావేశాలు జనం చూసేలా లైవ్ ఇవ్వాలన్న మాట ఇప్పుడు పంచాయతీ నుంచి జిల్లా స్థాయి దాకా వినపడుతోంది. మంచి ఆలోచన. కానీ అందుకోసం కెమెరా ఎంచుకునే తీరు మారకపోతే ఖర్చు తప్ప ఇంకేమీ మిగలదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా దగ్గర జరిగిందే చెబుతాను. వంశధార ఎడమ కాలువ శివారు భూములకు నీళ్ల గురించి రైతులతో సమావేశం. నందిగాం, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక రైతు శ్రీకాకుళం వచ్చి వెళ్లాలంటే రోజంతా పోతుంది, ఆ రోజు పనీ పోతుంది. ఇంటి దగ్గరే ఫోన్‌లో చూసుకుంటారని లైవ్ పెట్టాం. గంట గడిచాక ఆఫీసు నంబరుకు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "బొమ్మ అగుపడతంది బాబూ, మాటే ఇనపడ్నేదు. మా కాలవ గురించి ఏటన్నారు?" అని అడిగాడు. సమావేశం అయ్యాక నా నోట్సు చూసి ఆయనకు ఫోన్‌లోనే చదివి వినిపించాను. పక్కన ఇంకొందరు కూర్చుని వింటున్నట్టున్నారు, కొంచెం గట్టిగా చదవమన్నారు. కెమెరా కొన్నది వాళ్ల కోసమే. అది చెయ్యాల్సిన పని చివరికి ఒక ఫోన్ కాల్ చేసింది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత నిదానంగా చూసుకున్నాను. ఇండెంటులో (ఏం కొనాలో రాసే కాగితంలో) "మంచి నాణ్యత గల డిజిటల్ కెమెరా, ఒకటి" అని మాత్రమే రాశారు. మూడు కొటేషన్లు తెప్పించారు, తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు ఇచ్చారు. రూల్ ప్రకారం అంతా సరిగానే ఉంది. వచ్చింది ఫొటోల కెమెరా. ఫొటోలకు బ్రహ్మాండంగా ఉంది. వీడియో దగ్గరకు వచ్చేసరికి రికార్డింగ్ 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయింది. ఇది చెడిపోయిన కెమెరా లక్షణం కాదు. 30 నిమిషాలు, ఆపైన ఏకధాటిగా రికార్డు చేసేదాన్ని యూరప్‌లో వీడియో కెమెరా కింద లెక్కగట్టి సుంకం ఎక్కువ వేసేవారు. ఆ సుంకం పడకుండా కంపెనీలు ఒక్క సెకను ముందే ఆగేలా చాలా మోడళ్లు తయారుచేశాయి. ఇటీవలి మోడళ్లు చాలావాటికి ఈ హద్దు లేదు, కానీ తక్కువ ధరకు దొరికేవి సాధారణంగా పాత మోడళ్లే. పోనీ రికార్డు చెయ్యకుండా బొమ్మను నేరుగా ల్యాప్‌టాప్‌కు పంపుదామంటే, కాసేపు ఏ బటనూ నొక్కకపోయేసరికి కెమెరా తనంతట తానే ఆఫ్ అయిపోయింది. పైగా కెమెరాను ల్యాప్‌టాప్‌కు కలిపే హెచ్‌డీఎంఐ వైరు ద్వారా బొమ్మతో పాటు కెమెరా తెర మీది బ్యాటరీ గుర్తు, ఫోకస్ గడి కూడా వెళ్లిపోయాయి. మాట్లాడుతున్న రైతు ముఖం మీద ఆ పచ్చ గడి అలాగే ఉండిపోయింది.

మన వైపు ఏ వీడియో కెమెరానైనా హ్యాండీక్యామ్ అంటాం. అది సోనీ వాళ్లు పెట్టుకున్న పేరు, వస్తువు పేరు కామ్‌కార్డర్. ఫోన్లు వచ్చాక జనం దాన్ని మరిచిపోయారు, కంపెనీలు కూడా చిన్న మోడళ్లను బాగా తగ్గించేశాయి. అయినా రెండు మూడు గంటలు సాగే సమావేశానికి నేటికీ అదే సరైన పనిముట్టు అని నా అనుభవం. గంటల కొద్దీ ఆగకుండా నడవడానికే దాన్ని తయారుచేస్తారు. అడాప్టర్ పెట్టి కరెంటు మీద నడపొచ్చు, మధ్యలో కరెంటు పోతే దానికే ఉన్న బ్యాటరీ అందుకుంటుంది. హాలు చివర ట్రైపాడ్ మీద పెట్టినా 20 రెట్ల ఆప్టికల్ జూమ్‌తో, అంటే కటకమే దగ్గరకు లాగి చూపించే జూమ్‌తో, వేదిక మీది మనిషి ముఖం దగ్గరగా కనపడుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే డిజిటల్ జూమ్ సంఖ్యను మాత్రం నమ్మవద్దు, అది ఉన్న బొమ్మనే సాగదీసి చూపిస్తుంది. కామ్‌కార్డర్‌కూ ఒక లోపం ఉంది. మామూలు మోడళ్లలో వెలుతురును పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి వెలుతురు తక్కువైతే బొమ్మలో మచ్చలు వస్తాయి. అప్పుడు ఇంకో కెమెరా వెతకడం కంటే వేదిక మీద ఇంకో రెండు లైట్లు వేయించడం తేలిక.

అన్నిటికంటే ముఖ్యం మాట. లైవ్‌లో బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం ఓపిక పడతారు, మాట అర్థం కాకపోతే నిమిషంలో వెళ్లిపోతారు. హాలు చివర ఉన్న కెమెరాకు తన సొంత మైకు మాత్రమే ఆధారమైతే ఫ్యాన్ల చప్పుడు, కుర్చీల చప్పుడు, గోడలకు కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని తప్ప ఏమీ దొరకదు. కాబట్టి బయటి మైకు పెట్టుకునే రంధ్రం, మనం విని చూసుకోడానికి హెడ్‌ఫోన్ రంధ్రం, ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఆ కెమెరాను ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. నా పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. రెండోసారి మైక్ సెట్ అతని మిక్సర్ (మైకులన్నీ కలిపే పెట్టె) నుంచి వైరు తీసుకుని నేరుగా కెమెరా మైకు రంధ్రంలో పెట్టాను. మాటలన్నీ పగిలిపోయాయి. మిక్సర్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్ మైకు నుంచి వచ్చేదానికంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుందని, దాన్ని తగ్గించి ఇచ్చే వైరు గానీ, లైన్, మైక్ అని మార్చుకునే స్విచ్చు ఉన్న కెమెరా గానీ కావాలని నాకు అప్పుడు తెలియదు. ఆ తర్వాత చెప్పింది నరసన్నపేటలో పెళ్లి వీడియోలు తీసే ఒక కుర్రాడు. గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల వేటకు వెళ్లినవాళ్లు ఇంటి పెళ్లిని ఫోన్‌లో చూసుకునేలా లైవ్ ఇవ్వడం ఆ కుర్రాడిలాంటివాళ్లకు రోజువారీ పని. తాళి కట్టే వేళకు మంత్రం వినపడకపోతే పెళ్లివారు ఊరుకోరు కదా. అలాంటి పనివాళ్లు మన ఊళ్లలోనే ఉండగా, స్పెసిఫికేషన్ రాసేటప్పుడు వాళ్లను ఒక్కమాట కూడా అడగం.

బొమ్మ ఇంకా స్పష్టంగా ఉండాలని 4కే కెమెరా కోసం పట్టుబట్టేవారికి ఒక మాట. చూసేవారిలో ఎక్కువమంది చూసేది అరచేతిలో ఫోన్ తెర మీద. అంతకంటే తక్కువ స్పష్టత ఉన్న 1080 రిజల్యూషన్‌లో లైవ్ పంపడానికే సెకనుకు 4 నుంచి 6 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం (మన దగ్గర నుంచి బయటికి పంపే వేగం) నిలకడగా కావాలి. మనం సాధారణంగా చూసుకునేది డౌన్‌లోడ్ వేగం. లైవ్‌కు కావలసింది అప్‌లోడ్ వేగం. ఆ హాల్లో, ఆ సమయానికి అది ఎంత వస్తుందో చూసి, చాలకపోతే ఇంకా తక్కువైన 720కి దిగిపోవడమే మేలు. 4కేకి పెట్టే అదనపు డబ్బుతో మంచి మైకు, కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌లోకి తీసుకునే క్యాప్చర్ కార్డు, గట్టి ట్రైపాడ్ కొనుక్కోవచ్చు. ఇంకో చిన్న సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరాను 60కి సెట్ చేసి ఉంచితే పాత ట్యూబులైట్ల కింద బొమ్మలో చారలు పాకుతాయి. 50కి మార్చి, షట్టర్ వేగం 1/50 సెకను దగ్గర పెడితే పోతాయి. కొత్త యూట్యూబ్ ఛానెల్‌లో లైవ్ తెరుచుకోడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. సమావేశం ఉదయాన అకౌంట్ తెరిచి కూర్చుంటే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇదంతా ఒక ఆఫీసు లోపలి వ్యవహారం, పత్రికకు ఎందుకని మీ పాఠకులు అనుకోవచ్చు. ప్రజల ముందు జరగాల్సిన పని ప్రజలకు కనపడాలని ఈ దేశంలో పెద్ద పెద్ద సంస్థలే ఒప్పుకున్నాయి. కోర్టు విచారణలను ప్రత్యక్ష ప్రసారం చెయ్యవచ్చని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పు ఇచ్చింది. 2022 సెప్టెంబరు 27న రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు లైవ్‌లో రావడం మొదలైంది. అడగకముందే సమాచారం ప్రజల ముందు పెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ఢిల్లీలో వాదన ఇచ్ఛాపురంలో కూర్చుని వినగలుగుతున్నప్పుడు, శ్రీకాకుళంలో మన కాలువ గురించి, మన జెట్టీ గురించి, మన ఊరి మంచినీళ్ల గురించి అన్న మాట ఇచ్ఛాపురంలో ఎందుకు వినపడకూడదు? మందస కొండల మీది గూడేనికి ఎందుకు వినపడకూడదు?

అధికారులకు నా విన్నపం ఇది. కెమెరా కోసం కాగితం రాసేటప్పుడు దాన్ని నడపబోయే ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకోండి. "మంచి నాణ్యత" అనే మాట కొట్టేసి ఏమేం కావాలో పేరుపేరునా రాయండి. తక్కువ ధర చూడండి, తప్పు లేదు. కానీ ఆ కాగితంలో రాసినవన్నీ ఉన్నవాటి మధ్యే తక్కువ ధర చూడండి. బిల్లు పాస్ చేసే ముందు ఆ కెమెరాను అదే హాల్లో, అదే లైట్ల కింద, మైక్ సెట్‌కు కలిపి మూడు గంటలు నడిపించమనండి. ఆ సమయంలో ఒక అటెండర్‌ను ఫోన్ ఇచ్చి బయటికి పంపి, లోపల మాట్లాడింది రోడ్డు మీద నిలబడి విని చెప్పమనండి. ప్రతి కార్యాలయమూ విడివిడిగా కొనుక్కోనక్కరలేదు కూడా. కలెక్టరేట్‌లో ఒక మంచి సెట్టు, దాన్ని నడపడం నేర్చిన ఇద్దరు మనుషులు ఉంటే, ఏ శాఖకు సమావేశం ఉన్నా ఆ రోజుకు తీసుకెళ్లవచ్చు. మా దగ్గరున్న ఫొటోల కెమెరాను ఆ సెట్టులో చేర్చండి, సభల ఫొటోలకు పనికొస్తుంది. రబీ నీళ్ల సమావేశం నాటికి ఈ ఏర్పాటు జరిగితే ఆ పెద్దాయన నంబరు నా దగ్గరే ఉంది, లింకు నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక ఉద్యోగి,
శ్రీకాకుళం
(పేరు ప్రచురించవద్దని మనవి)