నీ పెళ్లి ఫోటోలు ఒకరికి చూపించాను

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పెళ్లికొడుకా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయనందుకు పని ఒత్తిడి అని చెబుదామంటే, ఆషాఢమంతా ఒక్క ముహూర్తమూ లేక గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాడిని, నువ్వు నమ్మవు. బద్ధకం, అంతే. క్షమించు. అమ్మ మోకాలు కుదుటపడింది, మెట్లెక్కుతోంది. స్టూడియో అద్దె మళ్లీ పెంచారు. నీ సైకిలు మా మేడ మీద తుప్పు పట్టిపోతోంది, అమ్మేస్తున్నాను. వార్తలు సమాప్తం.

అసలు సంగతి ఇది: నీ పెళ్లి ఫోటోలు నిన్ను అడగకుండా ఒక పరాయి మనిషికి చూపించాను. అరటిపండు ఫోటోతో సహా. ఆగు, ఉత్తరం చింపేయకు.

మూడు వారాల కిందట ఒక పెద్దాయన స్టూడియోకి వచ్చారు. చంకలో రెగ్జిన్ సంచి, జేబులో రెండు పెన్నులు. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యారట. రెండో అమ్మాయి పెళ్లి కుదిరింది. నేను అలవాటు ప్రకారం ఆల్బములు తెచ్చి బల్లమీద పరిచాను. ఆయన ఒక్కటీ తెరవలేదు. "ఇవి మీకు బాగా వచ్చినవి. బాగా రానివి ఎక్కడ పెడతారు?" అన్నారు. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరురా. నవ్వేసి కాఫీ తెప్పించాను. తాగలేదు.

వాళ్లది సింగ్‌నగర్. నిరుడు, 2024 సెప్టెంబరులో, నువ్వు రోజుకు నాలుగుసార్లు ఫోను చేసేవాడివి, గుర్తుందా? ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా పోతోందంటే మనమంతా కృష్ణ వైపే చూస్తూ కూర్చున్నాం. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు. వీళ్లది కింది వాటా. నీళ్లు తీశాక చూస్తే పెద్దమ్మాయి పెళ్లి ఆల్బము అప్పడంలా ఉబ్బిపోయి, పేజీకి పేజీ అతుక్కుపోయిందట. మెల్లగా విడదీస్తే అమ్మాయి మొహం లేచి ఎదుటి పేజీలో పురోహితుడి మీదికి వచ్చేసిందట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఏ మార్పూ లేదు, లెక్క చదివినట్టు చెప్పారు. ఫోటోలు తీసినాయన దగ్గరికి పరుగెత్తితే, "ఆరు నెలలు దాటితే ఉంచమండీ, ఆ డిస్కులో వేరే పెళ్లిళ్లు ఎక్కించేశాం" అన్నాడట.

ఇక నా గొప్పలు విను. "మా దగ్గర అలా జరగదండీ. కెమెరాలోనే ఒకేసారి రెండు కార్డుల్లోకి ఎక్కుతుంది. అదే రాత్రి రెండు డిస్కుల్లోకి తీస్తాను. మూడో కాపీ గుంటూరులో మా అక్క దగ్గర. బెజవాడ మునిగినా గుంటూరు మునగదు కదా!" అన్నాను. ఆయన సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి, "ఓచరు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. నా పెళ్లిళ్ల రిజిస్టరు అడిగి పుచ్చుకుని, మధ్యలో తెరిచి, చూడకుండానే ఒక వరుస మీద పెన్ను ఆనించారు. "ఇది తెరిచి చూపించండి."

2019. పటమట. నువ్వు.

మొదటి డిస్కు పెట్టాను. టిక్కు టిక్కు మని నాలుగుసార్లు కొట్టుకుని ఊరుకుంది. ఏళ్ల తరబడి నడపకుండా డబ్బాలో పడేస్తే అంతేనట, ఆ సంగతి నాకు తెలుసు కూడా. రెండో డిస్కు తెరిస్తే అందులో వేరే ఊరి ఓణీల ఫంక్షను ఉంది. మార్చిలో చోటు చాలక నేనే తుడిచి వాడేశాను! అంటే ఆ ఆరు నెలల పెద్దమనిషికీ నాకూ తేడా ఏముందిరా? "కేబులు చెడిందండీ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. లేచి వెళ్లిపోతారనుకున్నాను. రాసుకుని, "గుంటూరుకు రేపు ఎన్నింటికి వెళదాం?" అన్నారు.

నెహ్రూ బస్టాండులో తన టికెట్టు తనే కొనుక్కున్నారు, అదీ రాసుకున్నారు. మంగళగిరి గాలిగోపురం కనబడగానే పానకాల స్వామికి బిందెడు పానకం మొక్కుకున్నాను. ఎంత పోసినా సగం తాగి సగం తిరిగిచ్చే దేవుడు, నీ ఫోటోల్లో సగమైనా తిరిగివ్వకపోతాడా అని.

బ్రాడీపేటలో అక్క బీరువా తెరిచి పట్టుచీరల మడతల్లోంచి డిస్కు తీసింది, కలరా ఉండల వాసనతో. "ఇదా? పాడైన రేడియో అనుకుని మొన్న పాతసామాన్ల అతనికి ఇవ్వబోయానురా" అంది. ఆయన అదీ రాసుకున్నారు. డిస్కు తగిలించాను. తెరుచుకుంది! 3,412 ఫోటోలు, వీడియో, అన్నీ. అక్క ఇంట్లో గంతులేయడమొక్కటే తక్కువ.

ఆయన మాత్రం మొదటినుంచి వరసగా చూడటం మొదలుపెట్టారు. వీడియోలో జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి తెరనిండా ఒక వీపు. "ఇది ఎవరిది?" "నాదేనండీ." వీడియో కుర్రాడు వెనక నుంచి తీశాడు కదా, నేను ముందు నిలబడి నా ఫోటోలు నేను తీసుకుంటున్నాను. ముహూర్తమంతా నా వీపే. కుడివైపు మూల మీ అమ్మగారు మునివేళ్ల మీద నిలబడి, ఇటు ఒకసారి అటు ఒకసారి మెడ సాచి, చివరికి కూర్చుండిపోయారు. ఆరేళ్లలో ఆ ముక్క నేను చూడనేలేదురా. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా రెండోసారి గారెలు వడ్డించారు. ఆవిడను అడుగుదామని... సరే, వదిలేయ్.

తరవాత అరటిపండు వచ్చింది. హోమం మధ్యలో, పురోహితుడు అటు తిరగ్గానే, నువ్వు ఉత్తరీయం చాటున! ఆయన నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు. గెలిచాననుకున్నాను. లాప్‌టాప్ మూసి, "వీళ్ల అనుమతి తీసుకునే చూపించారా?" అన్నారు.

"నా ప్రాణస్నేహితుడండీ."

"ఆ అమ్మాయి?"

నోరు పెగల్లేదు. "రేపు మా అమ్మాయివి ఇంకొకాయనకు ఇలాగే చూపిస్తారన్నమాట" అన్నారు. అడిగింది ఆయనే, తప్పు నాదేనా అనిపించింది. అవును, నాదే. మీ ఇద్దరినీ అడిగి తెరవాల్సింది. అక్క మజ్జిగ గ్లాసులతో వచ్చి నన్ను కాపాడింది.

తిరుగు బస్సులో తాడేపల్లి దాకా మాట్లాడలేదు. వారధి ఎక్కాక సంచిలోంచి రెండు పేజీల ఒప్పందం తీశారు, స్వహస్తంతో రాసింది. ముహూర్తం వేళ మొదటి వరుసలో కూర్చున్నవారికి పెళ్లికూతురు కనబడాలి. ఆల్బము ఫలానా తేదీకి. ప్రతి ఉగాదికీ డిస్కులు తెరిచి చూసి ఫోను చేయాలి. అమ్మాయి మాట లేనిదే ఒక్క ఫోటో బయటికి చూపరాదు. చివరిది అప్పటికప్పుడు బస్సులో చేర్చారు, అక్షరాలు వంకర. అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చారు.

ఉండబట్టలేక అడిగాను: డిస్కు చచ్చింది, వీపు అడ్డమొచ్చింది, అడగకుండా చూపించాను, మరి నాకెందుకు ఇస్తున్నారండీ అని. "మీకు ముందు ముగ్గురి దగ్గరికి వెళ్లాను. ఏ తప్పూ బయటపడలేదు. తప్పు దొరకని లెక్కలంటే నాకు సర్వీసులో నిద్రపట్టేది కాదు" అన్నారు.

నిద్ర నాకు పట్టడం లేదు. వారం రోజులుగా పాత డిస్కులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. ఇంకో రెండు మొరాయించాయి. ఒకరివి అక్క బీరువాలో దొరికాయి. రెండోవాళ్లవి ఎక్కడా లేవు. ఆల్బము వాళ్ల దగ్గర ఉంది, అయినా చెప్పాలి కదా. మూడుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. రేపు చేస్తాను.

నీవి కొత్త డిస్కులోకి ఎక్కించి కొరియరులో పంపాను. నీ దగ్గరే ఉంచు, అప్పుడప్పుడు నడుపు. చెల్లెమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. కోపమొస్తే నేనే వచ్చి తిట్లు తింటాను. ఇంకొకటి, ఆయనకు అరటిపండు ఫోటో ప్రింటు ఒకటి కావాలట, కాబోయే అల్లుడికి ముందుజాగ్రత్తగా చూపించడానికి. తన షరతు ప్రకారం మీ ఇద్దరి అనుమతి రాతపూర్వకంగా తెమ్మన్నారు. ఒక కార్డు ముక్క రాసి పడేయండి.

ముహూర్తం ఈ రాత్రే, 2 గంటల 47 నిమిషాలకు. దూరం నుంచి తీయడానికి 70-200 లెన్సు అద్దెకు తెచ్చాను. మండపం కింద పక్కగా కూర్చోవడానికి అమ్మ కూరలు తరిగే స్టూలు తీసుకెళ్తున్నాను, ఇప్పుడు తనేమో కింద కూర్చోలేదు, దాని గురించి ఒక యుద్ధం... ఆటో వచ్చింది. ఉంటాను.

నీ
వీపు